పశువుకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తున్నారా? వెచ్చదనం, కాపలా విషయంలో రైతు తెలుసుకోవాల్సినవి

రెండు గేదెలో, పది మేకలో ఉన్న రైతుకు అవే బ్యాంకు. అలాంటి పశువుకు ఆపరేషన్ అవసరమని డాక్టరు గారు చెబితే ఇంట్లో అందరికీ మొదట వచ్చే భయం ఒక్కటే: మత్తు ఇస్తే మళ్లీ లేస్తుందా? ఆ భయంతో కొందరు ఆపరేషన్ వాయిదా వేస్తారు. వాయిదా వేసిన కొద్దీ పశువు నీరసించి, మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది.

మత్తులో ప్రమాదం ఉన్న మాట నిజమే. అయితే చాలా సార్లు ఆ ప్రమాదం కత్తి దగ్గర రాదు. ముందు రోజు రాత్రి మేపడం వల్ల, బరువు తప్పు చెప్పడం వల్ల, తడి నేల మీద పడుకోబెట్టడం వల్ల, ఆపరేషన్ అయ్యాక ఎవరూ దగ్గర లేకపోవడం వల్ల వస్తుంది. వీటిలో చాలా భాగం రైతు చేతిలో ఉన్నవే. మందు ఇవ్వడం డాక్టరు పని. సూది పడినప్పటి నుంచి పశువు తన కాళ్ల మీద తాను నిలబడేవరకు కనిపెట్టుకుని ఉండటంలో సగం పని మీది.

మత్తు ఎన్ని రకాలు?

1. ఆ భాగానికే తిమ్మిరి: లిగ్నోకెయిన్ అనే మందును కోయబోయే చోట చుట్టూ ఎక్కిస్తారు. పశువు మెలకువగానే ఉంటుంది, నొప్పి మాత్రం తెలియదు. ఆవులు, గేదెల్లో కడుపు కోసి దూడను తీయడం, మేకులు, తీగలు మింగిన పశువు పొట్ట తెరవడం వంటి ఆపరేషన్లు చాలా వరకు ఇలా ఎడమ డొక్కకు తిమ్మిరి ఇచ్చి, పశువు నిలబడి ఉండగానే చేస్తారు. మెయ్య దిగినప్పుడు తోక మొదట్లో ఇచ్చే సూది కూడా ఇలాంటిదే.

2. మగత: జైలజీన్ వంటి మందుతో పశువు మందకొడిగా మారి, తల వాల్చి, ఒక్కోసారి పడుకుంటుంది. దీనికి తోడు తిమ్మిరి మందు వాడతారు.

3. పూర్తి మత్తు: పశువుకు స్పృహ ఉండదు. గేదెల్లో డయాఫ్రం చిరిగి పొట్ట భాగం ఛాతీలోకి జారినప్పుడు చేసే ఆపరేషన్ వంటి పెద్ద వాటికి ఇది కావాలి. గొంతులోకి గొట్టం వేసి, ఆక్సిజన్‌తో పాటు ఐసోఫ్లురేన్ వంటి మత్తు వాయువును యంత్రం ద్వారా పంపిస్తారు.

కాబట్టి డాక్టరు గారిని మొదట అడగాల్సిన ప్రశ్న: "మా పశువుకు ఏ రకం మత్తు ఇస్తారండీ?" దాన్నిబట్టి మీరు చేయాల్సిన ఏర్పాట్లు మారతాయి.

నెమరు వేసే పశువుకు ఎందుకు ఎక్కువ జాగ్రత్త?

పెద్ద ఆవు పొట్ట మొదటి గదిలో 100 లీటర్లకు పైగా మేత, నీరు పట్టే చోటు ఉంటుంది. అక్కడ మేత పులుస్తూ గంటకు పదుల లీటర్ల గ్యాస్ పుడుతుంది. మామూలుగా పశువు త్రేన్చి ఆ గ్యాస్‌ను వదిలేస్తుంది. మత్తులో పడుకున్న పశువు త్రేన్చలేదు. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది, ఊపిరి కష్టమవుతుంది.

రెండో చిక్కు, మింగే శక్తి తగ్గడం. పశువు నోట్లో లాలాజలం ఊరుతూనే ఉంటుంది. పొట్టలోని మేత నీళ్లు కూడా వెనక్కి గొంతులోకి రావచ్చు. అవి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఆపరేషన్ బాగా జరిగి, మూడు నాలుగు రోజులకు దగ్గు, జ్వరంతో పశువు చిక్కిపోవడానికి ఇది ఒక కారణం.

ఆపరేషన్‌కు ముందు

ముందే తేదీ అనుకున్న ఆపరేషన్ అయితే మేత ఆపాలి. పూర్తి మత్తు ఇచ్చే పెద్ద పశువుకు సాధారణంగా 24 గంటలు లేదా అంతకు పైగా, మేకలు, గొర్రెలకు 12 నుంచి 24 గంటలు మేత ఆపమంటారు. నీళ్లు అంతకంటే తక్కువ గంటలు ఆపుతారు. ఎన్ని గంటలన్నది పశువు వయసు, చూడి, ఎండ చూసి డాక్టరు గారే చెప్పాలి. పాలు మాత్రమే తాగే దూడలను, పిల్లలను ఇలా ఎక్కువ సేపు పస్తు ఉంచకూడదు, అవి నీరసించిపోతాయి.

ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. జాలిపడి ఎవరో ఒకరు గుప్పెడు దాణా పెడితే పస్తు ఉంచిన ఫలితం పోతుంది. గాటి ముందు ఉన్న గడ్డి కూడా తీసేయండి.

ఈత కష్టమైనప్పుడు పస్తు ఉంచే సమయం ఉండదు. అప్పుడు చివరగా ఏమి తిన్నది, ఎప్పుడు తిన్నది దాచకుండా చెప్పండి. దీనితో పాటు ఇవి కూడా చెప్పాలి:

• చూడిదా, ఎన్నో నెల. జైలజీన్ చూడి చివరి నెలల్లో గర్భసంచిని ముడుచుకునేలా చేయవచ్చు. విషయం తెలిస్తే డాక్టరు వేరే దారి చూస్తారు.
• అంతకుముందు ఎవరైనా ఏ సూది వేశారు. సీసా ఉంటే చూపించండి.
• దగ్గు, ఆయాసం, విరేచనాలు, మూత్రం ఆగడం వంటివి ఉన్నాయా.

బరువు సరిగా చెప్పండి

మత్తు మోతాదు కిలోల లెక్కన వేస్తారు. "సుమారు ముప్పై కిలోలు ఉంటుందేమో" అన్న మాట మీద మేక ప్రాణం ఆధారపడకూడదు. మేకను ఎత్తుకుని మనుషుల తూకం యంత్రం మీద నిలబడండి, తర్వాత మీ బరువు తీసేయండి. అదే దాని బరువు.

పెద్ద పశువుకు టేపు చాలు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. భుజం ఎముక నుంచి పిరుదు ఎముక చివరి వరకు పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 76 అంగుళాలు, పొడవు 58 అంగుళాలు ఉన్న గేదె సుమారు 507 కిలోలు.

బరువు ఎందుకింత ముఖ్యమంటే, గుర్రానికి ఇచ్చే జైలజీన్ మోతాదులో దాదాపు పదో వంతుకే ఆవు మగతలోకి వెళ్తుంది. మేక ఇంకా సున్నితం. పైగా ఇదే మందు మి.లీ.కు 20 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు అనే వేర్వేరు బలాల్లో తయారవుతుంది. సీసా మారితే అదే ఒక్క మి.లీ.లో ఐదు రెట్లు మందు పోతుంది. తిమ్మిరి మందు సంగతీ అంతే. ఆవు డొక్కకు పదుల మి.లీ. లిగ్నోకెయిన్ పడుతుంది. 20 కిలోల మేకకు 2 శాతం మందు మొత్తం 5 మి.లీ. దాటకుండా డాక్టర్లు చూసుకుంటారు. ఎక్కువైతే మూర్ఛ వచ్చి గుండె ఆగవచ్చు.

అందుకే మత్తు సూదిని రిజిస్టర్ అయిన పశువైద్యుడే ఇవ్వాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఉద్దేశం కూడా పశువైద్యం అర్హత ఉన్నవారి చేతిలోనే ఉండాలనే. గోపాలమిత్రలు, పశుసంవర్థక సహాయకులు ఊళ్లో ఎంతో మేలు చేస్తున్నారు. కానీ మత్తు బాధ్యత వారి మీద పెట్టమని మీరు ఒత్తిడి చేయొద్దు.

పడుకోబెట్టే తీరు

• చదునైన, పొడి నేల చూడండి. కింద మందంగా వరిగడ్డి, దాని మీద గోనె సంచులు పరవండి. బండరాయి, సిమెంటు నేల మీద బరువైన పశువు పక్కకు పడుకుంటే కింద పడిన ముందు కాలి నరం నలిగి, లేచాక ఆ కాలు ఈడుస్తుంది.
• వీలైతే పశువును ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంచండి. పక్కకు పడుకోబెట్టక తప్పకపోతే, ఆపరేషన్‌కు అడ్డు లేనంత వరకు ఎడమ డొక్క పైకి ఉండేలా చూడాలి. పొట్ట మొదటి గది ఎడమవైపే ఉంటుంది.
• మెడ కింద గోనె మడత పెట్టి, మూతి కిందికి వాలేలా ఉంచండి. లాలాజలం బయటికి కారిపోవాలి. చొంగ కారుతున్నదని మూతి పైకి ఎత్తి పట్టుకోవద్దు.
• తలుగు, ముకుతాడు ముఖం కింద నొక్కుకుపోకుండా వదులు చేయండి. కింది కన్ను నేలకు ఒరుసుకోకుండా గుడ్డ పెట్టండి.

గమనించే పరికరాలు

పెద్ద ఆసుపత్రుల్లో పశువుకు కూడా మనుషుల ఆపరేషన్ థియేటర్‌లో ఉండే మానిటరు పెడతారు. నాలుకకు లేదా చెవికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూపిస్తుంది. 95 శాతం పైన ఉంటే మంచిది, 90 కంటే తగ్గితే ప్రమాదం. ఈసీజీ గుండె లయను చూపిస్తుంది. బీపీ పట్టీ రక్తపోటును చెబుతుంది. క్యాప్నోగ్రాఫ్ అనే పరికరం పశువు వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి, ఊపిరి సరిగా ఆడుతున్నదీ లేనిదీ ముందే హెచ్చరిస్తుంది.

ఇంట్లో ఉన్న వేలి ఆక్సిమీటర్‌ను గేదెకు పెట్టి చూస్తామని కొందరు అడుగుతుంటారు. నల్లటి మందపాటి చర్మం, వెంట్రుకల మీద దాని అంకెను నమ్మలేం. దాని కంటే మీ కళ్లే నయం.

కొట్టంలో ఆపరేషన్ జరిగినా ఈ ఐదింటిని ఎవరైనా చూడవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి కొలిచి రాసి పెట్టుకుంటే, తర్వాత ఏది మారిందో తేలిగ్గా తెలుస్తుంది.

1. ఊపిరి: డొక్క కదలికను గడియారం పెట్టి ఒక నిమిషం పాటు లెక్కించండి. నెమ్మదిగా ఉన్న పెద్ద పశువు, మేక సాధారణంగా నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తాయి.

2. నాడి: ఆవుకు తోక కింది వైపు, మొదలుకు కొద్ది దూరంలో వేళ్లతో నొక్కితే తెలుస్తుంది. మేకకు వెనుక తొడ లోపలి వైపు చూడాలి. ఆవుకు నిమిషానికి 60 నుంచి 80, మేకకు 70 నుంచి 90 మామూలు. మగత మందుతో కొంత తగ్గుతుంది.

3. చిగుళ్ల రంగు: లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గేదె చిగుళ్లు నల్లగా ఉంటే కంటి రెప్ప లోపలి వైపు చూడండి. పాలిపోవడం, నీలంగా మారడం చెడ్డ గుర్తులు.

4. ఎడమ డొక్క: ముందు ఎలా ఉందో గుర్తుంచుకోండి. బిగుసుకుని, తడితే డప్పులా మోగితే ఉబ్బరం మొదలైనట్టే.

5. ఒంటి వేడి: థర్మామీటరును ఆసనంలో, గోడకు ఆనేలా పెట్టాలి. పేడ మధ్యలో గుచ్చితే అంకె తప్పు వస్తుంది. ఆవుకు సుమారు 101.5, గేదెకు సుమారు 101, మేకలు, గొర్రెలకు 102 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు.

మేకకు, లేగదూడకు వెచ్చదనం

మత్తులో ఉన్న పశువు వణకలేదు, ముడుచుకుని పడుకోలేదు. ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, బయటికి పోవడం మాత్రం ఆగదు. చిన్న ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. బొచ్చు తీసి, కడిగి, స్పిరిట్ పూసిన చోటు నుంచి ఇంకా వేగంగా వేడి పోతుంది. ఒళ్లు చల్లబడితే మందు ఒంట్లోంచి తొందరగా పోదు, గుండె నెమ్మదిస్తుంది, మెలకువ ఆలస్యమవుతుంది. "మత్తు ఎక్కువైంది" అనుకునే కొన్ని సందర్భాల్లో అసలు సంగతి చలి.

ఆసుపత్రుల్లో వేడి నీరు తిరిగే పరుపులు, వెచ్చని గాలి ఊదే దుప్పట్లు వాడతారు. ఇంటి దగ్గర ఇలా చేయండి:

• పైన దుప్పటి కంటే ముందు కింద గోనె. చల్లని నేల వేడిని లాగేస్తుంది. తడిసిన గోనెను వెంటనే మార్చండి.
• ఆపరేషన్ అయిన వెంటనే తడి ఒంటిని పొడి గుడ్డతో తుడిచి, గాయం వదిలి దుప్పటి కప్పండి. చెవులు, కాళ్లు కూడా కప్పాలి.
• ప్లాస్టిక్ సీసాల్లో స్నానానికి వాడేంత వేడి నీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పొట్ట పక్కన, తొడల మధ్య పెట్టండి. చల్లారిన సీసాను తీసేయండి, లేకపోతే అదే వేడిని లాగుతుంది.
• ఎక్కించబోయే సెలైన్ సీసాను గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో ఉంచి డాక్టరు గారికి ఇవ్వండి.
• బల్బు వేలాడదీస్తే, పశువు ఒళ్లు ఉన్న ఎత్తులో మీ చెయ్యి పెట్టి ఒక నిమిషం ఉంచండి. మీకు చురుక్కుమంటే దానికీ కాలుతుంది. మత్తులో ఉన్నది జరగలేదు, అరవలేదు. కాలిన సంగతి రెండు రోజుల తర్వాత చర్మం ఊడినప్పుడు తెలుస్తుంది. తీగ నోటికి అందకూడదు. గడ్డి పక్కన మంట వేయొద్దు, పొగ ఊపిరికి చేటు.

తొందరగా లేవాలని చన్నీళ్లు చల్లడం, తోక మెలిపెట్టడం, కొట్టడం చేయకండి. చన్నీళ్లతో మేలు లేదు, ఒళ్లు మరింత చల్లబడుతుంది.

కోసి తీసిన దూడను, పిల్లను ఒకరు ప్రత్యేకంగా చూసుకోవాలి. ముక్కు, నోటిలోని జిగురు తుడిచి, పొడి గుడ్డతో గట్టిగా రుద్దండి. గడ్డిపరకతో ముక్కులో కదిపితే తుమ్మి ఊపిరి తీస్తుంది. ఒళ్లు చల్లబడి చప్పరించలేని పిల్లకు నోట్లో పాలు పోయొద్దు. ముందు వెచ్చబెట్టి, చప్పరించడం మొదలయ్యాక ముర్రుపాలు తాగించండి.

ఎండాకాలంలో గేదె సంగతి వేరు

గేదెది నల్లని ఒళ్లు, చెమట గ్రంథులు తక్కువ. వేసవిలో మత్తు ఇస్తే దాని ఒళ్లు చల్లబడటం కాదు, వేడెక్కుతుంది. జైలజీన్ ఇచ్చిన పశువులు ఎండలో ఒంటి వేడిని అదుపు చేసుకోలేవు. కాబట్టి వాయిదా వేయగల ఆపరేషన్‌ను తెల్లవారుజామున, చెట్టు నీడలో లేదా గాలి ఆడే పాకలో పెట్టుకోవాలి. నీడ ఎటు జరుగుతుందో ముందే చూసుకోండి. వేడి 103 దాటితే డాక్టరుకు చెప్పి, గాయం తడవకుండా కాళ్లు, మెడ మీద తడి గుడ్డ వేసి విసరండి.

మత్తు దిగేవరకు

డాక్టరు గారి బండి వెళ్లిపోయాక మొదలయ్యే ఈ రెండు మూడు గంటలే కీలకం. ఒక మనిషి పూర్తిగా దీనికే ఉండాలి. పశువు లేచే వరకు ప్రతి 15 నిమిషాలకు, తర్వాత నాలుగు గంటల పాటు గంటకోసారి పై ఐదింటిని చూసి కాగితం మీద రాయండి.

• గడ్డి కుక్కిన గోనె సంచులు రెండు వైపులా ఆనించి, పశువును ఛాతీ మీద కూర్చోబెట్టండి. ఎక్కువ సేపు లేవని పెద్ద పశువును రెండు గంటలకోసారి పక్క మార్చండి.
• తనంతట తాను నిలబడి, తూలకుండా ఉండి, చక్కగా మింగుతున్నదని తెలిసేవరకు నీళ్లు, మేత ఇవ్వొద్దు. గొట్టంతో మందులు తాగించొద్దు. తర్వాత ముందు కొద్దిగా నీళ్లు, ఆపైన కొద్దిగా పచ్చగడ్డి. ఆ రోజు దాణా వద్దు.
• బావి, కాలువ, మిగతా పశువులకు దూరంగా ఉంచండి. కుక్కలను రానీయకండి.
• జైలజీన్‌కు విరుగుడుగా యోహింబిన్ వంటి సూది ఉంది. అది ఇస్తే పశువు త్వరగా లేస్తుంది, కానీ విరుగుడు పని అయిపోతే మళ్లీ మగత రావచ్చు. లేచింది కదా అని వదిలేయకండి.
• చొంగ ఎక్కువ కారడం, మాటిమాటికి మూత్రం పోయడం కొద్ది గంటలు ఉంటే భయపడక్కర్లేదు.

తిమ్మిరి పోయాక నొప్పి మొదలవుతుంది. మెలోక్సికామ్ వంటి నొప్పి మందు ఎన్ని రోజులో అడిగి రాయించుకోండి. డైక్లోఫెనాక్‌ను మన దేశంలో పశువులకు వాడటం 2006 నుంచి నిషేధం. పాలు ఎన్ని పూటలు ఇంట్లో వాడకూడదో, కేంద్రానికి పోయకూడదో కూడా అడగండి.

వెంటనే ఫోన్ చేయాల్సిన గుర్తులు

• చిగుళ్లు నీలంగా లేదా తెల్లగా మారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం
• ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకోవడం
• ముక్కు నుంచి పచ్చని మేత నీళ్లు రావడం
• మేక ఒంటి వేడి 99 డిగ్రీల కంటే తగ్గడం, లేదా ఏ పశువుకైనా 104 దాటడం
• డాక్టరు చెప్పిన సమయం దాటినా లేవకపోవడం
• కుట్ల నుంచి రక్తం ధారగా కారడం
• తర్వాతి రోజుల్లో దగ్గు, జ్వరం, మేత మానేయడం

ఎక్కడికి తీసుకెళ్లాలి?

నిలబెట్టి, తిమ్మిరితో చేసే ఆపరేషన్లు మీ మండలంలోని పశువైద్యశాలలోనో, మీ కొట్టంలోనో జరుగుతాయి. పూర్తి మత్తు, ఆక్సిజన్, మానిటరు అవసరమైతే డాక్టరు గారు పశువైద్య కళాశాల ఆసుపత్రికి రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి, మీ పశువుకు కావాల్సిన సౌకర్యం ఆ రోజు ఉందో లేదో కనుక్కోండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ముందు రోజే ఒక గంపలో ఇవి సర్దుకోండి: డిజిటల్ థర్మామీటరు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం లేదా ఫోన్, టార్చిలైటు, కాగితం, పెన్ను, ఆరు పొడి గోనె సంచులు, రెండు పాత దుప్పట్లు, నాలుగు ప్లాస్టిక్ సీసాలు, శుభ్రమైన గుడ్డలు, కొలత టేపు. వీటిలో కొనాల్సింది బహుశా థర్మామీటరు ఒక్కటే. ఆ రాత్రి కాపలాకు ఎవరు కూర్చుంటారో కూడా ముందు రోజే అనుకోండి.